అబ్బా అనని చెయ్యి

షాజాదీ బేగం గాజు తొడిగితే "అబ్బా" అనని ఆడమనిషి వేములవాడలో లేదు. గాజు ఎంత బిగుతుగా ఉంటే చేతికి అంత అందమని ఆమె సిద్ధాంతం. చేతిని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి మొదలు లోపలికి నొక్కి, ఏదో ఒక కబురులో పెట్టి ఒక్క తోపు తోసేది. అవతలి మనిషి కేక వేసేలోపు గాజు మణికట్టు మీద ఉండేది. "గింత దానికే ఒర్లుతున్నవ్, రేపు పురుడెట్ల పోసుకుంటవే బిడ్డా?" అని పైగా ఎగతాళి. తొడిగించుకున్నవాళ్లు గాజులను కళ్లకద్దుకుని ఆమెకు దండం పెట్టేవారు. "సల్లగ బతుకు" అని దీవించి, మలారం భుజానికెత్తుకుని ఆమె పక్క గడపకు పోయేది. మలారమంటే గాజుల మూట. గుడి బజారులో ఆమె భర్త చాంద్‌పాషాకు చిన్న గాజుల దుకాణం ఉండేది గానీ, బేరమంతా ఈమె భుజం మీదే నడిచేది.

ఆమె గురించి రాయాలంటే మా కేంద్రం సంగతి చెప్పాలి. అరవై ఒకటో సంవత్సరంలో ఒక పాత బియ్యం గోదాములో కుష్టు నివారణ కేంద్రం తెరిచారు. సైకిలు మీద తిరిగి, ఎవరి ఒంటి మీద స్పర్శ లేని మచ్చలున్నాయో చూసి, మందు బిళ్లలు అందించడం నా ఉద్యోగం. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనుషులు దండలు వేయించుకున్నారు, సేవ గురించి గొంతు పోయేదాకా మాట్లాడారు, మేము పెట్టించిన చాయ్ మాత్రం ముట్టుకోలేదు. నాకు ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. వాళ్లు పోయాక మా డాక్టర్ తారాబాయి స్వయంగా కుంచె పట్టి గోడ మీద మూడు మాటలు రాసింది. రోగిని ఇంటి నుంచి వెళ్లగొట్టనివ్వం. రోగి పేరు బయటపెట్టం. మందు గడపకే చేరుస్తాం.

మాటలు బాగానే ఉన్నాయి. చిక్కల్లా రెండో మాటకూ మూడో మాటకూ పడకపోవడమే. నా సైకిలు ఏ గడప ముందు ఆగితే ఆ ఇంట్లో పెద్దరోగం ఉందని డప్పు వేసి చెప్పినట్టే. "మచ్చల సారు వస్తుండు!" అని ఎవరో ఒకరు అరిచేవారు, వీధి తలుపులన్నీ టపటపా మూసుకునేవి. జనాన్నీ తప్పుపట్టలేను. అంతకు ముందటేడు దుర్గవ్వ అనే ఆమెకు ఈ రోగమని తెలియగానే, ఇంటివాళ్లు ఒక గొంగడి, ఒక ముంత చేతికిచ్చి పంపేశారు. ఆమె గుడి మెట్ల దగ్గర అడుక్కుని తినేది. ఆ దారిన పోయే ప్రతి కోడలూ ఆమెను చూస్తూనే పోయేది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం షాజాదీ బేగం మా కేంద్రంలోకి వచ్చి, మలారం బల్ల మీద దించింది.

"సారూ, నొప్పి తెల్వని చెయ్యి ఉంటదా?" అని అడిగింది.

నేతగాళ్ల వాడలో కొమురెల్లి భార్య అనసూర్య. పొద్దస్తమానం కూర్చుని మొగుడి మగ్గానికి కండెలు చుట్టేది. (ఈ పేర్లు రాయడానికి ఆ ఇంటివాళ్లే ఒప్పుకున్నారు, కాబట్టి మా రెండో మాట చెడలేదు.) ఆ రోజు ఆమెకు గాజు తొడుగుతుంటే చిట్లి, పెంకు చిటికెన వేలి పక్కన దిగింది. నెత్తురు కారుతోంది. అనసూర్య మాత్రం పక్కింటి మేక నూలు నమిలిన సంగతి చెబుతూ పడిపడి నవ్వుతోంది.

"నొస్తలేదా బిడ్డా?" అంది షాజాదీ బేగం.

"ఏంది బేగమ్మా నొచ్చేది?" అంది అనసూర్య. అప్పటిదాకా తన చెయ్యి తాను చూసుకోనేలేదు.

మర్నాడు కొత్త గాజులు వచ్చాయనే వంకతో ఆమెను చాంద్‌పాషా దుకాణానికి పిలిపించాం. వెనక గదిలో తారాబాయి పరీక్ష చేసింది. రోగమే. అయితే మొదట్లోనే దొరికింది. బిళ్లలు మానకుండా మింగితే వేళ్లు వంకర పోవని, ఇల్లు విడవనక్కర లేదని డాక్టరమ్మ నచ్చజెప్పింది. అనసూర్య డాక్టరమ్మ కాళ్లు పట్టుకుంది.

"మా అత్తకు తెలిస్తే నన్ను దుర్గవ్వ పక్కన కూసోవెడ్తది. మీ కాల్మొక్త, చెప్పకుండ్రి!" అని ఏడ్చింది.

"నా గాజుల మీద ఒట్టు, చెప్ప" అంది షాజాదీ బేగం. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని వేములవాడకంతా తెలుసు. అయినా మాకు మరో దారి లేదు.

అనసూర్య వెళ్లాక, షాజాదీ బేగం కూడా పోబోతుంటే తారాబాయి ఆపి, "ఈ పిల్లకు ఎవరో దగ్గరోళ్ల నుంచే అంటింది. ఆ ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?" అని అడిగింది. కొమురెల్లిని నేను మాటల్లో పెట్టి చూసేశాను, ఏమీ లేదు.

"ఆ ఇంట్ల ఆడోళ్ల చేతులన్ని నాకెరుకే. ఎవ్వరికి లేదు" అని షాజాదీ బేగం గట్టిగా చెప్పింది.

ఆ ఇంట్లో ఉన్న మరో ఆడమనిషి అత్త కిష్టవ్వ. ఆమెది పేరుమోసిన చెయ్యి. నూలుకు పెట్టే గంజి తుకతుక ఉడుకుతుంటే, గుడ్డ లేకుండా ఒట్టి చేతులతో కుండ దింపేది. వాడకట్టంతా ముక్కున వేలేసుకునేవారు. పని దొంగలైన కోడళ్లకు కిష్టవ్వ చేతుల్ని చూపించి బుద్ధి చెప్పేవారు. ఆమెకూ అది గర్వమే.

ఇక బిళ్లలు గాజుల మధ్య దాక్కుని వెళ్లడం మొదలైంది. "గాజులమ్మేదాన్ని చేసుకున్ననా, దవాఖానను చేసుకున్ననా?" అని సణుగుతూనే చాంద్‌పాషా వాటిని గుడ్డలో పొట్లం కట్టి ఇచ్చేవాడు. కానీ వారం వారం గాజులు ఎవరికి కావాలి? అందుకని అనసూర్య గాజులు వారం వారం పగలడం మొదలుపెట్టాయి. మగ్గం గుంజకు తగిలి కొన్ని, బావి గిలకకు తగిలి కొన్ని. షాజాదీ బేగం తన దగ్గర మిగిలిపోయిన జత లేని గాజులన్నీ తెచ్చి తొడిగేది. ఎరుపు, పచ్చ, ఊదా కలిసి అనసూర్య చేతులు జాతరలా ఉండేవి.

మా తెలివికి మేమే మురిసిపోయాం. ముత్తైదువ గాజులు ఊరికే పగిలితే అత్తగారి గుండెలో ఏమవుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. కిష్టవ్వకు తిండి సయించలేదు. కొమురెల్లి తుమ్మినా దగ్గినా నుదురు పట్టుకుని చూసేది. చివరికి ఒకరోజు, అనసూర్య నీళ్లకు పోయిన వేళ, షాజాదీ బేగం గడపలో అడుగు పెట్టగానే మండిపడింది.

"ఓ బేగం! నీ గాజులకు ఏం పుట్టింది? వారం నిలుస్తలేవు. కోడలి గాజులు గిట్ల చిట్లుతుంటే నా కొడుకు పాణానికేం గావాలె? ఇగ మా గడప తొక్కకు!"

తిట్టడానికి చేతులు ఖాళీ చేసుకోవాలి గనుక, అంటూనే పొయ్యి మీది గంజి కుండను ఒట్టి చేతులతో దింపింది.

షాజాదీ బేగం తిట్లు వినడం మానేసి ఆ చేతుల్నే చూసింది. ఇంట్లో ఆడవాళ్ల చేతులన్నీ తెలుసని మాకు గొప్పగా చెప్పింది. కిష్టవ్వ మొగుడు పోయిన మనిషి. గాజులు తీసేసిన నాటి నుంచి ఆ చేతిని పట్టుకునే పనే ఆమెకు పడలేదు.

చటుక్కున పోయి ఆ చెయ్యి పట్టుకుంది. గాజు తోసేటప్పుడు అందరూ కేక వేసే చోట బలమంతా పెట్టి నొక్కింది. "నొస్తుందా అక్కా?"

కిష్టవ్వ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసింది. కోపం దిగిపోయింది.

"నాకు ఎన్నటి సందో అనుమానమే" అంది మెల్లగా. "జర మెల్లగ మాట్లాడు, కోడలొస్తది. తెలిస్తే నన్ను దుర్గవ్వ తీర్గ ఎల్లగొడ్తది."

"నీ కోడలు గట్ల చేస్తదా?"

"ఎందుకు చెయ్యదు? దాని జాగల నేనుంటే నేను గూడ గదే చేద్దును."

షాజాదీ బేగం నవ్వుతూ, ఏడుస్తూ మా కేంద్రానికి వచ్చి పడింది. "ఇద్దరి బిల్లలు నేనే మొయ్యాలె. ఒకరి ముచ్చట ఒకరికి చెప్పొద్దాయె. నా కడుపు పలుగుతది డాక్టరమ్మా!" అంది. ఎవరి రోగం సంగతి వాళ్లే చెప్పుకోవాలి, మనం చెప్పకూడదు అని తారాబాయి తేల్చేసింది. డాక్టరమ్మ మాట సరైనదే. మోసేదానికే తెలుస్తుంది దాని బరువు.

తారాబాయి చాటుగా పరీక్ష చేసి రోగమేనని తేల్చాక, ఆ వారం నుంచి కిష్టవ్వ తీరే మారిపోయింది. ఆమెకూ బిళ్లలు కావాలి, గాజుల బేగం రావాలి. తాను గాజులు వేసుకునే మనిషి కాదు. ఉన్నవి కోడలి చేతులే. "నా కోడలి చేతులు బోసిగున్నయి, ఇంకో రెండు తొడుగు" అని వీధిలోకి వినపడేట్టు పిలిచేది. వారం వారం రెండేసి. అనసూర్యకు ఇక పగలగొట్టే అవసరమే రాలేదు, గాజులు మోచేతుల దాకా పాకాయి. కండెలు చుడుతుంటే ఆ గలగలకు మగ్గం చప్పుడు వినపడటం లేదని కొమురెల్లి మొత్తుకునేవాడు. అత్తంటే కిష్టవ్వే అత్త అని వాడకట్టులో కోడళ్లందరూ తమ అత్తలను సతాయించారు.

డాక్టరమ్మ చెప్పి పంపిన ప్రకారం కిష్టవ్వ కుండను గుడ్డ పట్టి దింపడం నేర్చుకుంది. "ముసలిదైంది పాపం, చేతుల సత్తువ పోయింది" అన్నారు జనం. ఆ మాట ఆమెకు గుచ్చుకునేది. అయినా గుడ్డ వదలలేదు.

మరుసటి ఏడు, వానలు వెనకబట్టాక, షాజాదీ బేగం ఆకుపచ్చ గాజులు తెచ్చింది. అనసూర్య చేతిని ఒళ్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ ఏదో చెబుతూ, చిటికెన వేలి వైపు నుంచి తోసింది.

"అబ్బా!"

షాజాదీ బేగం చేతులు ఆగిపోయాయి. "ఏమన్నవ్?"

"నొచ్చింది బేగమ్మా! సచ్చేటట్టు నొచ్చింది!" అనసూర్య నవ్వుతోంది, కళ్ల నిండా నీళ్లు. ఎన్ని వేల చేతుల అరుపులు విని ఎగతాళి చేసిన మనిషో, ఆ రోజు షాజాదీ బేగం కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

పొయ్యి దగ్గర నుంచి కిష్టవ్వ, మసిగుడ్డ చేతిలో అలాగే పట్టుకుని, పరుగున వచ్చింది. నొచ్చిందని సంబరపడుతున్న కోడలిని చూసింది. ఇంకెవరికైనా అది పిచ్చిలా కనపడేది. తన చేతికి అలాంటి నొప్పి ఎన్నడు వస్తుందా అని లోలోపల ఎదురుచూస్తున్న మనిషికి వివరం చెప్పే పని లేకపోయింది.

"నీకు గూడనా?" అంది.

అనసూర్య బెదిరిపోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతలో 'గూడ' అనే మాట బుర్రకెక్కింది. అత్త చేతిలోని గుడ్డను చూసింది, కాలిన మచ్చలతో నిండిన అరచేతిని చూసింది. లేచి వచ్చి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

ఇద్దరిలో ఎవరూ ఎవరినీ గుడి మెట్లకు పంపలేదు. కిష్టవ్వ గుడ్డతోనే ముఖం తుడుచుకుని, కోడలి పక్కన చతికిలబడింది.

"బేగం, ఇంకోటి తొడుగు" అంది. "అది ఒర్లుతుంటే మల్లొకసారి వింట."