నల్ల విండోకి కాపలా

బొబ్బిలి కాలేజీకి జాంగో అనే సాఫ్ట్‌వేర్‌తో మేం చేసిచ్చిన సైటు రెండేళ్లుగా విండోస్ సర్వర్ మీద ఒక నల్ల విండోలో నడిచేది. అది మూస్తే సైటు ఆగిపోయేది. అందుకే గుమాస్తా అప్పలస్వామి గారు మానిటర్ మీద "ముట్టుకుంటే ఊరుకోను" అని కాగితం అంటించి కాపలా కాసేవారు.

ఈ రోజు నేను వెళ్లి సైటును తెర వెనక దానంతటదే నడిచే సర్వీసుగా మార్చేశాను. ఇక విండోతో పనిలేదు.

ఆయన తెర చూసి కంగారుపడ్డారు. "బాబూ, నల్లది కనబడ్నేదేటి?"

"అది లేకపోయినా సైటు నడుస్తుంది బాబాయ్."

"నడుస్తాది సరే. మరి నేనేటి సూసుకోవాల?"

సైటుకి వచ్చేపోయేవాళ్ల వివరాలు కదిలే నల్ల విండో ఒకటి ఊరికే తెరిచిపెట్టాను.

"ఇది ముయ్యకూడదు కదా?" అన్నారు, కాగితం సరిచేస్తూ.

"అస్సలు ముయ్యకూడదు" అన్నాను.

మీరైతే నిజం చెప్పేవారా?