బైపాస్ గీసిన బాబాయి

మా బాబాయి సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఫీనిక్స్‌లో గుండెపోటుతో పోయారు. ఉద్యోగరీత్యా ఆయన అరిజోనాలో రోడ్లు డిజైన్ చేసే ఇంజనీరు. ఇక్కడి తెలుగువాళ్లకు మాత్రం పాత అరవై ఆరో నంబరు రోడ్డు మీద కవిత రాసినాయన.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఆ కవిత ఆయన నోటే విన్నారు. ఉగాది సభల్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల తర్వాత, అడిగి మరీ చదివించుకునేవాళ్లం. షికాగో నుంచి పసిఫిక్ దాకా పోయే ఆ పాత రోడ్డు, కార్లవాళ్లు రాత్రికి దిగే నియాన్ బోర్డుల మోటెళ్లు, ఇంజను వేడెక్కి ఆగిపోయిన కార్లు, వాటికి నీళ్లు తెచ్చి పోసే గ్యాస్ స్టేషన్ మనుషులు. అన్నీ మొదటి మూడు ఖండికల్లో ఉన్నాయి. నాలుగోది చిన్నది:

మ్యాపు మీద నీ ఊరు నా బొటనవేలంత.
వేలు పక్కకు జరిపాను.
కాగితం మీద ఏ చప్పుడూ కాలేదు.

ఇదే అన్నిటికంటే బాగుందనేవాళ్లం. కాలిఫోర్నియా నుంచి చుట్టాలు గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి వస్తుంటే, కొత్త ఇంటర్‌స్టేట్ హైవే మీదే రండి, అరగంట కలిసొస్తుందని చెప్పేవాళ్లం కూడా. ఆ వేలు నిజంగా ఎవరిదని మాలో ఎవరూ అడగలేదు.

వేలు ఆయనదే. పాత రోడ్డు మీదున్న ఆ ఊరి దగ్గర ఇంటర్‌స్టేట్ ఎలా పోవాలో తేల్చేందుకు ఆయన్ని రెండు గీతలు గీసిమ్మన్నారు. ఒకటి ఊరిని ఆనుకుని, ఒకటి రెండు మైళ్లు ఎడంగా. రెండోదే మేలని బాబాయి సిఫారసు చేశారు. ఖర్చు తక్కువ, మలుపులు తక్కువ. లెక్కలో తప్పు లేదు. డెబ్బైల చివర్లో బైపాస్ తెరిచారు. కార్లు అటు రాక, ఏడాది తిరిగేలోగా ఆ ఊళ్లో మోటెళ్లన్నీ మూతపడ్డాయి. పెద్దావిడ ఒకరు నడిపే కాఫీ హోటల్ ఒక్కటి మిగిలింది.

"గీత కాగితం మీద ఉన్నంతసేపే మనదిరా," అనేవారు బాబాయి. పెన్సిల్‌ను బ్లేడుతోనే చెక్కుకునేవారు. అటువైపు పని పడితే ఆ హోటల్లోనే తినేవారు. జేబులోంచి కారప్పొడి సీసా తీసి ఆమ్లెట్ మీద చల్లుకునేవారు.

"నా వంటను తిట్టడానికి మందుగుండు వెంట తెచ్చుకుంటాడు," అనేది ఆవిడ. బైపాస్ గీసింది ఆయనేనని ఆవిడకు తెలియదు.

పోయిన వేసవిలో ఆ హోటల్‌కు పిన్నినీ నన్నూ తీసుకెళ్లారు. కవిత రాస్తారని పిన్ని నోరు జారితే, చదివితేగానీ కదలనివ్వనంది ఆవిడ. బాబాయి లేచి నాలుగు ఖండికలూ తెలుగులో చదివారు. పిన్ని ఒక్కో ఖండికా ఇంగ్లిష్‌లో చెప్పింది. మూడోది కాగానే "అంతే, అయిపోయింది" అంది. పెద్దావిడ కళ్లు తుడుచుకుని యాపిల్ పై ముక్క ఒకటి తెచ్చి పెట్టింది. "మా రోడ్డు గురించి ఇంత బాధపడ్డవాణ్ణి నేను చూడలేదు. నీ దగ్గర ఇక డబ్బు తీసుకోను, పొయెట్," అంది.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో ఆ మాట వచ్చింది.

"నాలుగోది ఎందుకు చెప్పలేదు?" అన్నారు బాబాయి.

"చెప్తే ఆ కాఫీ మీ మొహాన కొట్టేది."

"కొట్టనివ్వాల్సింది."

"మరి మీ నోరేమైందండీ? ఇంగ్లిష్ మీకూ వచ్చుగా!"

ఆ తర్వాత కూడా బాబాయి ఆ హోటల్‌కు వెళ్లారు, ఆవిడ పెట్టింది తిన్నారు. "డబ్బు ఇచ్చినా తీసుకోవట్లేదురా," అని నాతో ఒకసారి అన్నారు. మరైతే చెప్పెయ్యి బాబాయ్ అన్నాను. "ఈసారి వెళ్లినప్పుడు," అన్నారు. అలా రెండుసార్లు వెళ్లొచ్చారు.

మంగళవారం పిన్ని ఆవిడకు ఫోన్ చేసి కబురు చెప్పింది. బుధవారం ఆవిడే తిరిగి చేసింది. ఊరంతా చందాలేసుకుని హోటల్ పక్కగోడకు తెల్లరంగు వేయించారట. దాని మీద బాబాయి కవిత ఇంగ్లిష్‌లో రాయిస్తారట, కింద ఆయన పేరు. "ఆ రోజు నువ్వు చెప్పిందే పంపు, చాలు," అందట.

పిన్ని రిసీవర్ పెట్టేసి నావైపు తిరిగింది.

"నాలుగోది కూడా ఇస్తే గోడా వద్దంటారు, ఆయన పేరూ వద్దంటారు. అవునా?" అంది.

"అనొచ్చు పిన్నీ."

"ఇవ్వకపోతే ఆ అబద్ధం ఆయన పేరుతో గోడెక్కుతుంది. ఆరోజు నేను అయిపోయిందని అనకుండా ఉంటే ఆయనే చెప్పుకునేవారేమో."

ఇది రాస్తున్న సమయానికి పిన్ని వంటింటి బల్ల దగ్గర ఉంది. నాలుగో ఖండికలోని మూడు లైన్లను ఇంగ్లిష్‌లోకి తేవడానికి నాలుగు కాగితాలు చింపింది. పోస్ట్‌లో వద్దు, ఆవిడ ఎదుట నిలబడి చదువుతానంటోంది. శుక్రవారం మధ్యాహ్నం నా కార్‌లో బయల్దేరుతున్నాం. పెయింటర్ శనివారం ఉదయం తొమ్మిదికి వస్తాడు.