మోగిందని చెప్పిన గంట

ఎనిమిదేళ్లుగా ఒక గంట నన్ను వెంటాడుతోంది. మోగని గంట. మోగి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మా గల్లీలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. తెలుగు చదవగలిగిన ఇల్లు మాత్రం వెతికితే ఒకటో రెండో. అందరం మరాఠీ బళ్లలో చదివినవాళ్లమే. ఈ అక్షరాలు నేను ముప్పై ఏళ్లు దాటాక వాచనాలయంలో, అంటే మా పేట గ్రంథాలయంలో, కూర్చుని, పిల్లల వాచకం ముందు పెట్టుకుని, సొంతంగా నేర్చుకున్నాను. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకిష్టం. కానీ ఇది తెలుగులో రాయడానికి ఆ గర్వం ఒక్కటే కారణం కాదు. ఇక్కడ ఎవరూ చదవలేరన్న ధైర్యం కూడా. అది ధైర్యమేనా? రాస్తూ పోతే తెలుస్తుందేమో.

నేను సోలాపూర్‌లో, జోడ్‌భావి పేట్‌లో, పవర్‌లూమ్‌లు బాగుచేసే జాబరును. ఏడో తరగతిలో బడి మానేశాను. మిగతా చదువంతా వాచనాలయంలోనే. కరెంటు మీద, మోటార్ల మీద, ఆ తర్వాత చిన్న చిన్న కంప్యూటర్ బోర్డుల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. ఇంగ్లిష్ పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం. ఆ చదువుతోనే గల్లీలో ఇళ్లకు ఆటోమేషన్ పెట్టడం మొదలుపెట్టాను. నాలుగైదు రోజులకోసారి వచ్చే నల్లా నీళ్లు రాగానే పంపు దానంతటదే నడిచేలా, ట్యాంకు నిండగానే ఆగేలా చేశాను. జనం నన్ను ‘ఇంజినేర్ సాబ్’ అనేవారు. ఎగతాళి అని తెలుసు. అయినా వినడానికి బాగుండేది. ఏ ఇంట్లో ఏ లోపం వచ్చింది, ఎలా సరిచేశాను, అంతా తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. పుస్తకాల్లో అలా చేయమని ఉంది.

అంబదాస్ మా ఎదురింటివాడు, నా చిన్ననాటి స్నేహితుడు. ఇంటి కింద నాలుగు మగ్గాల మీద తువ్వాళ్లు నేసేవాడు. పైన రేకుల గదిలో వాళ్లమ్మ రాజవ్వ ఉండేది. పక్షవాతంతో ఒక కాలు, ఒక చేయి పడిపోయాయి. తలాపున ఒక స్టీలు పళ్లెం, ఒక గరిటె ఉండేవి. అవసరమైతే గరిటెతో పళ్లెం మీద కొట్టేది. అంబదాస్ భార్య విమల బీడీలు చుట్టేది. నాలుగు మగ్గాల రొదలో ఆ పళ్లెం చప్పుడు వినబడాలంటే మెట్ల మీద కూర్చోవాల్సిందే. కింద అరుగు మీద గల్లీ ఆడవాళ్లంతా చేటలు ఒళ్లో పెట్టుకుని, నవ్వుకుంటూ బీడీలు చుడుతుంటే, విమల ఒక్కతే మెట్ల మీద చీకట్లో కూర్చుని ఆకు కత్తిరించేది. మూడేళ్లు.

అది చూసే నేను గంట పెడతానన్నాను. మంచం పక్కన మీట, అరుగు పైన గోడకు పెద్ద గంట. మీట నొక్కితే గంట మోగుతుంది, నా ఫోన్‌కు కబురు కూడా వస్తుంది. కరెంటు పోతే బ్యాటరీ. బిగించిన రోజున ఆ పళ్లెం, గరిటె నేనే చేత్తో తీశాను.

“ఉండనీ బిడ్డా, చేతికి అలవాటైంది” అంది రాజవ్వ.

“ఇంక దాంతో పనేంది పెద్దవ్వా? నువ్వు ఏలు కదిపితే చాలు.”

పళ్లెం తీసుకెళ్లి వంటింట్లో పెట్టాను. ఆ మధ్యాహ్నమే విమల చేట పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ రోజే.

ఇప్పుడు అసలు సంగతి. మీట నుంచి బోర్డు దాకా తీగను మగ్గం మోటారు లైను ఉన్న గొట్టంలోంచే లాగాను. గోడకు ఇంకో కన్నం వేయడానికి బద్ధకం. అలా లాగకూడదని, మోటారు మొదలైనప్పుడల్లా పక్క తీగలో దొంగ కరెంటు పుడుతుందని పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆ పేజీ కింద గీత గీసుకున్నది నేనే. నాకేమవుతుందిలే అనుకున్నాను.

రెండు వారాలకు అదే అయింది. ఒక్కో మగ్గం మొదలైనప్పుడల్లా గంట మోగేది. విమల పైకి పరుగెత్తేది, రాజవ్వ హాయిగా నిద్రపోతుండేది, విమల దిగొచ్చేది. అరుగు మీద ఒకటే నవ్వులు. “మీ అత్త గాదే, మోటర్ పిలుస్తుంది నిన్ను. పో, దాని కాళ్లు ఒత్తు.” నన్ను చూడగానే ఇంకా గట్టిగా: “ఓ ఇంజినేర్ సాబ్, నీ గంటకు దెయ్యం వట్టింది. నిమ్మకాయ కట్టు.”

అట్లాంటి ఒక రోజు సాయంత్రం నాలుగింటికి వాచనాలయంలో నా ఉపన్యాసం. ఏడో తరగతి చదివినవాడి చేత ఉపన్యాసం! ‘మన ఇంటికి ఆటోమేషన్’ అని బోర్డు మీద సుద్దతో రాశారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బయల్దేరేముందు గంట సంగతి చూద్దామని వెళ్లాను. మందు తెలుసు. వేరే తీగ లాగాలి, కొంతం చౌక్ దగ్గర దుకాణంలో ఒక చిన్న సామాను తేవాలి. రెండు గంటల పని. నా దగ్గర అంత సమయం లేదు.

మా జాబర్లకు ఒక చెడ్డ అలవాటు ఉంది. పేకపోగు తెగితే మగ్గం ఆగిపోవాలి. పోగు ఉందా లేదా అని తడిమి చూసే చిన్న ఇనుప వేళ్లు అందుకోసమే ఉంటాయి. అవి అరిగి, పోగు తెగకపోయినా మగ్గాన్ని మాటిమాటికీ ఆపుతుంటే, సరిచేసే ఓపిక లేని జాబరు ఒక దారం ముక్కతో ఆ వేళ్లను కట్టేస్తాడు. మగ్గం ఆగకుండా నడుస్తుంది. అందరూ సంతోషిస్తారు. తర్వాత నిజంగానే పోగు తెగినప్పుడు కూడా నడుస్తూనే ఉంటుంది. తువ్వాలు మధ్యలో బట్టతల లాంటి గీత పడ్డాక గానీ తెలియదు. నేను అట్లాంటి దారాలు వందసార్లు కట్టాను. ఆ రోజు ఫోన్ తీసి, తెర మీద వేలితో ఒక్కసారి నొక్కి, గంటను ఆపేశాను. దారం కట్టినంత సులువు. మీట నొక్కితే ఫోన్‌కు కబురు వస్తుంది. గంట మాత్రం మోగదు.

విమల అడిగింది. “అయిందా అన్నా?”

నలుగురు ఆడవాళ్లు నవ్వడానికి సిద్ధంగా చూస్తున్నారు.

“అయింది చెల్లె. ఇగ ఉత్తగ మోగది” అన్నాను.

ఆపేశానని చెప్పి ఉంటే? ‘ఈ పూట మెట్ల మీద కూర్చో చెల్లె’ అన్న ఒక్క మాట. దానికి ఎంత ఊపిరి కావాలి? ఎనిమిదేళ్లుగా ఆ మాటను నోట్లో తిప్పుకుంటున్నాను. ఇప్పుడు ఎంత సులువుగా వస్తుందో!

ఇరవై మంది దాకా వచ్చారు. నేను చెప్పాను: మా గల్లీలో మంచం పట్టిన ఒక పెద్దావిడ వేలు కదిపితే చాలు, రెప్పపాటులో కోడలు పక్కన ఉంటుంది. సరిగ్గా అక్కడ జేబులో ఫోన్ అదిరింది. నేను ఆగలేదు. మళ్లీ అదిరింది. మోటారే కావచ్చు అనుకున్నాను. జేబు మీద చెయ్యి పెట్టి, అదురును అరచేత్తో అదిమి, మాట్లాడుతూనే ఉన్నాను. చప్పట్లు కొట్టారు.

తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం. రాజవ్వ తనే లేవబోయి పడిపోయింది. తుంటి విరిగింది. అరుగు మీది మిగతా ఆడవాళ్లు బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి వెళ్లి ఉన్నారు. అత్త ఉందని విమల ఒక్కతే అరుగు మీద మిగిలింది. ఇదంతా గల్లీ మొదట్లోనే విన్నాను. అక్కడే, గోడవైపు తిరిగి, గంటను మళ్లీ ఆన్ చేశాను. భయంతో చేశానని చెప్పుకుంటాను. కానీ చేతులు వణకలేదు. అది నాకు బాగా గుర్తు.

అంబదాస్ అందరి ముందూ అడిగాడు. “అవ్వ మస్తు సార్లు నొక్కిన అంటుంది. విమలేమో గంట ఇనబడలే అంటుంది. నీ ఫోన్ల చూసి చెప్పు.”

చూశాను. పదకొండు సార్లు. మోటారు పుట్టించే దొంగ నొక్కు రెప్పపాటు కన్నా చిన్నది. వేలి నొక్కుకు నిడివి ఉంటుంది. ఇవన్నీ వేలివే. చివరిది చాలా పొడుగు. మీటను నొక్కిపెట్టి అట్లాగే ఉండిపోయింది.

“పదకొండు సార్లు నొక్కింది” అన్నాను. అది నిజం.

“మరి గంట?”

“మోగింది.”

నేను చదువుకున్నవాణ్ణి. ఫోన్ సాక్ష్యం ఉంది. ఎవరూ రెండోసారి అడగలేదు. విమల నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. ఏదో లెక్క తప్పితే పంతులును చూసినట్టు.

పంతొమ్మిదో రోజున రాజవ్వ పోయింది. దినం నాడు ఆడబిడ్డ విమలను పొయ్యి ముట్టనివ్వలేదు. అంబదాస్ ఏడాది పాటు భార్యతో మాట్లాడలేదు. గల్లీలో ఆమెకు పేరు పడింది, గంట విని లేవని కోడలని. ఆమె మళ్లీ మెట్ల మీదికి వెళ్లిపోయింది. పైన ఎవరూ లేరు. అయినా ఇప్పటికీ అక్కడే కూర్చుని చుడుతుంది.

నోటుబుక్కులో ఆ రోజు పేజీని చింపేశాను. ఆ వారంలోనే, ఎవరూ అడగకుండానే, తీగను వేరే గొట్టంలో లాగాను. అప్పటి నుంచి ఆ గంట ఒక్కసారి కూడా తప్పుగా మోగలేదు. నేను చేసినవాటిలో ఇంత బాగా నడిచింది ఇంకొకటి లేదు.

ఒకసారి దాన్ని తీసేస్తానన్నాను. విమల వద్దంది. అందుకే నెలకోసారి వెళ్లి చూస్తాను. దుమ్ము తుడుస్తాను, బ్యాటరీ కొలుస్తాను, పైకెక్కి ఖాళీ మంచం పక్కన మీట నొక్కుతాను. కింద గంట మోగుతుంది. మెట్ల మీద కత్తెర కిందపడిన చప్పుడు వినబడుతుంది. నేనే నొక్కుతున్నానని ఆమెకు తెలుసు. అయినా ప్రతిసారీ లేచి నిలబడుతుంది.

పోయిన నెల అట్లాగే నిలబడి, నేను దిగుతుంటే అంది. “అన్నా, నీకొకటి చెప్తా, ఎవ్వరికి అనకు. ఆ దినం నాకు ఇనబడ్డదే.”

“ఏందది?”

“గంట. ముందుగాల్ల ఇనబడలే అనే అనుకున్న. యాద్ చేస్కుంటా చేస్కుంటా ఉంటే యాదికొచ్చింది. మస్తు సార్లు మోగింది. మోటరే గావచ్చు అనుకొని లేవలే.”

 మోటారే కావచ్చు. అది నా మాట. వాచనాలయంలో, జేబు మీద అరచెయ్యి పెట్టుకుని, నాలో నేను అనుకున్న మాట. ఎవరికీ చెప్పలేదు. అది ఆమె దగ్గరికి ఎట్లా చేరింది? నేను ఆమె మీద ఒక అబద్ధం మాత్రమే వేశాననుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అబద్ధానికి సరిపడా తప్పును ఆమె తనలో వెతికి తయారుచేసుకుంది. వెతికీ వెతికీ నా తప్పునే, ఉన్నదున్నట్టు, పట్టుకుంది.

“పోనీ చెల్లె” అన్నాను. అంతే అన్నాను. సంచి తీసుకుని వచ్చేశాను.

ఆ నాటి నుంచి చదవలేకపోతున్నాను. పుస్తకం తెరిస్తే అరచేతిలో అదురు. పదకొండు వరకు. పదకొండోది ఆగదు.

అందుకే ఇది రాస్తున్నాను, ఆ నోటుబుక్కులోనే, చింపిన పేజీ మొదలు పక్కన. లోపం: తీగ. కారణం: నేను. గంటను ఆపింది నేను. మోగిందని చెప్పింది నేను. ఆ రోజు గంట మోగలేదు.

ఇంతవరకు నిన్న రాశాను. రాసి, హాయిగా ఉందేమో అని చూసుకున్నాను. లేదు. ఎవరూ చదవలేని అక్షరాల్లో రాసి దాచుకోవడం కూడా దారం కట్టడమే కదా.

ఈ పొద్దున నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను. అంబదాస్ కింద మగ్గాల మీద ఉన్నాడు. అతనికీ చెప్పాలి. ముందు విమలకు. ఆమె మెట్ల మీద ఉంది. ఆమెకు తెలుగు చదవడం రాదు, కాబట్టి కింది మెట్టు మీద కూర్చుని మొదటి నుంచి బయటికి చదివాను. మగ్గాల రొదకు గొంతు పెంచి చదవాల్సి వచ్చింది. ఆమె చేతులు చాలాసేపు ఆగలేదు. ఆకు, పొగాకు, దారం. ‘ఆ రోజు గంట మోగలేదు’ అన్న దగ్గర ఆగాయి.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. నన్ను చూడనూ లేదు. నేను ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలాను. దానికి సిగ్గుపడ్డాను కూడా.

కత్తెర పక్కన పెట్టి అంది. “ఆ ఆఖరి మాట ఇంకొక్కసారి సదువు.”

‘అన్నా’ అని పిలవలేదు.

మళ్లీ చదివాను.