లెక్క సరిపోయింది

మధ్యాహ్నం మూడూ పదికి నాకు మొదటిసారి భయమేసింది. ట్రక్కు ఊరి చివర ఆగింది. దిగి చూస్తే ఉప్పుకాలువలో నీళ్లు సముద్రం వైపు కాదు, ఊరి వైపు నడుస్తున్నాయి. లక్సెట్టిపేటలో గోదావరిని చూస్తూ పెరిగాను. నీళ్లు వెనక్కి నడవడం ఎన్నడూ చూడలేదు.

అప్పుడు నేను సైన్యంలో సిగ్నల్స్ అధికారిని. పెళ్లి కాలేదు. అది శ్రీకాకుళం తీరంలో ఒక జాలరిపేట. ఆదేశం ఒకటే: జాబితాలోని నలభై ఒక్కమందిని ఐదింటిలోగా కాలువ దాటించి బడికి చేర్చాలి. ఉన్నది ఒక్క రబ్బరు పడవ. నాలుగు విడతలు.

"పేరు కూడా ఎట్టలేదంట. ఇదేం తుపానమ్మా?" అని నవ్వింది సత్తెమ్మ, చంకలో కోడిపెట్టతో. డెబ్బై ఏళ్లుంటాయి.

"కోళ్లు వద్దవ్వా. మనుషులే."

"మనుసులు నాకు గుడ్లెడతారేటి?"

నాలుగూ నలభైకి చివరి పడవ వచ్చింది. బడి గుమ్మంలో నిలబడి తలలు ఎంచాను. నలభై ఒకటి.

రేడియో ఆపరేటర్ ఆదిలాబాద్ మనిషి. "మేడమ్, జర పేర్లు పిలుద్దామా?" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు. లెక్క సరిపోయింది. మెసేజ్ పంపు."

పంపాడు. పడవను పక్క ఊరికి పిలిచారు.

ఐదూ ఇరవైకి ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మా సత్తెమ్మేదమ్మా? పడవెక్కబోతా కోళ్ల కోసం ఎనక్కెల్లింది. ఎనకాల వస్తాదనుకున్నాను."

అప్పుడు పేర్లు పిలిచాం. అమ్మమ్మను చూడటానికి వచ్చిన ఒక చిన్నపిల్ల పేరు జాబితాలో లేదు. నేను ఎంచిన నలభై ఒకటో తల ఆ పిల్లది.

ఆపరేటర్ పడవ కోసం అడుగుతూనే ఉన్నాడు. "తెల్లారేదాకా రాదట, మేడమ్." కాలువ అప్పటికే బడి మెట్లెక్కింది.

ఉదయం ఆరింటికి పడవ రాగానే సత్తెమ్మ ఇంటికి వెళ్లాం. గోడలు కరిగి గుడిసె కప్పు నేల మీద కూర్చుంది. కప్పు మీద బోర్లించిన గంప, దాని మీద రాయి, చుట్టూ తాడు మూడు చుట్లు. లోపల కోళ్లు అరుస్తున్నాయి. సత్తెమ్మ లేదు.

మూడు రోజులు వెతికాం. నాలుగో రోజు వెనక్కి పిలిచారు. రిపోర్టు నేనే రాశాను. తుపాను చిన్నది. గల్లంతు ఒకరు.

ఇంటికొచ్చి ఏళ్లయింది. వాన మొదలైతే ఆ గంపే కనిపిస్తుంది. నిన్న రాత్రంతా వాన. ఇది రాస్తూ ఎన్నిసార్లు లేచి పిల్లల్ని ఎంచానో. ఇద్దరే. అయినా నమ్మకం కుదరలేదు.

తెల్లారి ఇద్దరినీ పేరు పేరునా పిలిచి లేపాను.

"మేం ఇద్దరమే గదమ్మా, గట్ల పిలుస్తవేంది?" అంది పెద్దది.

"నేను ఎంచితే నమ్మకుండ్రి. పిలిస్తే పలుకుండ్రి" అని చెప్పాను.