తుడిస్తే పోని బొమ్మ

బస్తర్‌లో మా గని కాలనీ బడి డ్రాయింగ్ మాస్టారు డస్టర్ ముట్టుకునేవారు కాదు. బోర్డును అరచేత్తోనే తుడిచేవారు.

ఆ ఏడు విశ్వకర్మ పూజకి బొమ్మల పోటీ పెట్టారు. పూజ కమిటీ ఇచ్చిన అంశం ‘జంగ్లీ నాచ్’, అంటే అడవి మనుషుల గెంతులు. మాస్టారు దాన్ని బోర్డు మీద రాసి, తుడిచి, గత్యంతరం లేక మళ్ళీ రాశారు. మేమంతా తలల మీద ఈకలు గీయడం మొదలుపెట్టాం. క్లాసులో ఉన్న ఒక్క కోయ పిల్ల లేచింది.

“మా అమ్మ చీర కడతది సార్. ఈకలు ఏడ పెట్టాలె?”

మాస్టారు వరండాలో ఉన్న కమిటీ పెద్ద దగ్గరికి పరిగెత్తారు.

“ఆ మాటొక్కటీ మార్చండి బాబూ! ‘మన ఊరి ఆట’ అనండి, చాలు. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“పిల్లల బొమ్మలకి ఇంత గొడవేటి మాస్టారూ? పోటీ కాయితాలు అచ్చయిపోయాయి.”

ఆ పిల్ల తెల్లకాగితం ఇచ్చి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఈకలు, బల్లెం, నడుముకి ఆకులు, అన్నీ గీశాను. కమిటీ ఎంచిన మొదటి బహుమతి నాదే.

అది ఇచ్చేటప్పుడు మాస్టారు నా మొహం చూడలేదు. నా బొమ్మను అరచేత్తో గట్టిగా తుడిచారు. రంగు పోలేదు. మళ్ళీ తుడిచారు.