పది అడుగుల దూరంలో మా సారు

మా జాగ్రఫీ సారు ఇక లేరని ఫోన్ వచ్చినప్పుడు నేను పార్కు గేటు బయట నిలబడి అన్నం గిన్నెలు ఆటోలోకి ఎక్కిస్తున్నాను. ఆదివారం సాయంత్రం నాలుగు దాటింది. గిన్నెల మూతలు ఎవరూ తీయలేదు. బగారన్నం, వంకాయ కూర, పెరుగు చట్నీ పొద్దున తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి. దవాఖాన నుంచి మా క్లబ్బు మనిషి ఒకాయన "సార్ పోయిన్రక్కా" అని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఇంకా ఎక్కించేవి ఉన్నాయా అని ఆటో అతను మూడుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు. ఇది జరిగి పది రోజులైంది. ఇప్పటికి రాద్దామని కూర్చున్నాను.

సారు నాకు బడిలో చదువు చెప్పలేదు. నాది హన్మకొండలో స్టీలు సామాన్ల దుకాణం. పన్నెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, రిటైరై ఏడాది కూడా కాని మనిషి, టోపీ పెట్టుకుని వచ్చి చిన్న చిన్న డబ్బాలు కావాలన్నారు. మూత గట్టిగా ఉండాలన్నారు. తీసి చూపిస్తే ఒక బకెట్ నీళ్లు అడిగారు. ప్రతి డబ్బాలో ఒక కాగితం ముక్క పెట్టి, మూత బిగించి, నీళ్లలో ముంచి, బయటికి తీసి, కాగితం తడిసిందా లేదా అని చూడటం మొదలుపెట్టారు. వెనకాల గిరాకీ నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండింది.

"సార్, డబ్బాలు కొంటరా, తానం చేపిచ్చి పోతరా?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "వానకాలం అంత అడివిల ఉండాలెనమ్మా ఇవి. నీ మాట నమ్మి పెడ్త. తడిస్తే నిన్నే అడుగుత" అన్నారు.

నలభై డబ్బాలు ముంచి నాలుగు ఏరుకున్నారు. ఎందుకని అడిగితే కూర్చుని అరగంట చెప్పారు. ఎక్కడో ఒకచోట డబ్బా దాస్తారు. ఆ చోటు జాడ అంకెల్లో ఉంటుంది. ఆ అంకెలు ఫోన్‌లో వేసుకుని వెతుక్కుంటూ పోవాలి. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి రావాలి. దానిని జియోకాచింగ్ అంటారు. ఇంత పెద్దమనిషికి ఇదేం పని అనుకున్నాను. తర్వాతి ఆదివారమే నేనూ పోయాను. "డబ్బాలమ్ముడు సాలదని డబ్బాలెతుకుడు గూడనా?" అని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

సారు పుట్టి పెరిగింది డోర్నకల్. తండ్రి రైల్వేలో పనిచేసేవారు. ఏ రైలు ఎటు పోతుందో చూసి దిక్కులు నేర్చుకున్నానని చెప్పేవారు. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు ఉత్తరం ఎటో చూసుకునేవారు. ఒకరోజు నా దుకాణంలో నిలబడి, "పొద్దుమీకి నీకు తలకాయ నొస్తదా?" అని అడిగారు. ఏళ్లుగా నొస్తోంది, ఎన్నో మాత్రలు మింగాను. పడమటి ఎండ గిన్నెల మీద పడి నా కళ్లలో కొడుతోందని ఆయనే కనిపెట్టారు. గల్లా బల్లను ఇద్దరు మనుషులతో అటు గోడకు జరిపించారు. నొప్పి పోయింది. డాక్టర్లకు చిక్కనిది జాగ్రఫీకి చిక్కిందని ఆయన నెలరోజులు అందరికీ చెప్పుకున్నారు.

"ఫోన్ తోలుకొస్తది, సూపెట్టేది కండ్లే" అనేవారు. ఫోన్ మనల్ని నాలుగడుగుల దగ్గరికి తెచ్చి వదిలేస్తుంది. ఆ నాలుగడుగుల్లో నేను ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. వేరు కింద ఉన్నదాన్ని కొమ్మ మీద వెతికేదాన్ని. సారు పక్కన నిలబడి, "జర నిమ్మలంగ. అది ఎటు పోదు" అనేవారు. ఆ ఓపిక బడిపిల్లల దగ్గర నేర్చుకున్నదై ఉంటుంది. నా కడుపున పుట్టినవాళ్లకు కూడా నా మీద అంత ఓపిక లేదు.

ఇక్కడ మా పిక్నిక్ పద్ధతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే సారు ఎలా పోయారో మీకు అర్థం కాదు.

ప్రతి ఏడూ చలికాలంలో ఒక ఆదివారం ఊరి బయట చెట్లున్న పార్కులో మా డబ్బాల క్లబ్బువాళ్లం ఇరవై మందిమి కలుస్తాం. ఒకరు ముందే పోయి డబ్బా దాస్తారు, అంకెలు ఉజ్జాయింపుగానే చెబుతారు, మిగిలినవాళ్లం విడివిడిగా వెతుకుతాం. మొదటి ఏడు బ్యాంకాయన ఒకరు పావుగంటలో కనిపెట్టి కేక పెట్టాడు. అందరూ ఉరికారు. నా మోకాళ్లు నన్ను అక్కడికి చేర్చేసరికి డబ్బా చేతులు మారుతోంది. నేను మూతి ముడుచుకుని ఒక మూల కూర్చుని పులిహోర తిన్నాను. ఎవరూ గమనించలేదనుకున్నాను.

రెండో ఏడు చాపలు పరవగానే సారు లేచి నిలబడ్డారు. "ఇయ్యాల్టి నుంచి కట్టడి ఒకటి. దొరికినోళ్లు పేరు రాసి, ఎక్కడిదక్కడ వెట్టి, సప్పుడు జెయ్యకుండొచ్చి ఓ చెట్టుకింద కూసోవాలె. మొఖంల కనబడొద్దు. కూసున్నోళ్లతోటి ఎవ్వలు మాట్లాడొద్దు, మాట్లాడితే జాడ బయటపడ్తది. ఆఖరి మనిషికి దొరికేదాక అన్నం గిన్నె మూత తియ్యొద్దు" అన్నారు. అందరూ గొణిగారు. ఆ ఏడు ఆఖరి మనిషిని నేనే. మిగిలినవాళ్లంతా ఆకలితో చెట్ల కింద కూర్చుని ఉన్నారు, ఒక్కరూ కంటితో కూడా సైగ చేయలేదు. గంటన్నర తిరిగి తిరిగి, చివరికి నా వేళ్లకు ఆ చల్లటి డబ్బా తగిలినప్పుడు నాకు ఏడుపొచ్చింది. "ఆఖరుకొచ్చినోళ్లకు గూడ అది కొత్తదే గద" అన్నారు సారు. ఆ కట్టడి నా కోసమే పెట్టారని ఆయన ఏనాడూ అనలేదు. అనకపోయినా నాకు తెలుసు.

అన్నేళ్లూ డబ్బా దాచింది సారే. ఈ ఏడు నెక్కొండ నుంచి రైల్లో వచ్చే పోస్టాఫీసు అమ్మాయి, తాను దాస్తానని పట్టుబట్టింది. సారు సంబరపడిపోయారు. చర్చిలో పొద్దుటి ఆరాధన చూసుకుని నేరుగా వచ్చారు. "పదకొండేండ్లు మిమ్ములను తిప్పిన. ఇయ్యాల నేను గూడ తిరుగుత" అని షూ లేసులు గట్టిగా కట్టుకున్నారు. పదకొండింటికి అందరం తలో దారి పట్టాం.

ఇరవై నిమిషాలైనా అయిందో లేదో, టేకుచెట్ల మధ్య సారు కనబడ్డారు. ఒక చెట్టుకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చొక్కా చెమటతో తడిసి ఉంది. అబ్బ, ఇంత తొందరగా దొరికిందా ఈయనకు అనుకున్నాను. కొంచెం కుళ్లుకున్నాను కూడా. నాకూ ఆయనకూ మధ్య పది అడుగులుంటాయి. ఆయన నన్ను చూసి మోకాలి మీది చెయ్యి కొద్దిగా పైకి లేపారు. నేను పెదాల మీద వేలు పెట్టుకుని, నవ్వి, పక్కకు తిరిగి వెళ్లిపోయాను.

ఇంకో అరగంటకు పోస్టాఫీసు అమ్మాయి ఆయన్ను చూసింది. డబ్బా ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అది పార్కుకు అటు కొసన ఉంది. సారు ఇటు వైపు ఎందుకు కూర్చున్నారని అనుమానం వచ్చి దగ్గరికి పోయింది. అప్పుడు మా అందరికీ ఆమె అరుపు వినబడింది. బ్యాంకాయన కారులో దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ డాక్టరు అడిగిన మొదటి మాట, "ఇంతసేపు ఏం చేసిండ్రు?" అని.

సోమవారం సమాధుల తోటకు అందరం వెళ్లాం. ఆ రాత్రికల్లా క్లబ్బు వాట్సాప్ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు, గొప్ప మనిషి, మంచి మనిషి అనే మాటలు. నాకు కోపం ఆగలేదు. "నేను సార్‌ను చూసి మాట్లాడకుండా పోయాను. ఇంకెవరెవరు చూశారు?" అని రాసి పెట్టాను. అందరూ చదివినట్టు గుర్తులు పడ్డాయి. ఒక్క జవాబు రాలేదు. మర్నాడు మాత్రం ఒక్కొక్కరే విడిగా ఫోన్ చేశారు. నలుగురు. నలుగురూ చూశారు. నలుగురూ ఆయనకు దొరికిందనే అనుకున్నారు. "నీకు పుణ్యముంటది, మేడంకు చెప్పకక్కా" అన్నాడు బ్యాంకాయన.

మేడం అంటే సారు భార్య. ఆమె కూడా టీచరే. మూడో రోజు పలకరించడానికి పోతే ఆమె నన్ను అడిగిన మాట ఒక్కటే. "ఆయనకు డబ్బ దొరికిందా?"

"కనుక్కొని చెప్త మేడం" అన్నాను.

మర్నాడు పోస్టాఫీసు అమ్మాయిని వెంటబెట్టుకుని పార్కుకు పోయాను. విరిగిన సిమెంటు బెంచీ వెనక, ఎండుటాకుల కింద డబ్బా అట్లాగే ఉంది. కాగితం మీద మూడు పేర్లున్నాయి. సారు పేరు లేదు. ఉంటుందని నేను ఎంత ఆశపడ్డానో అది చూసిన తర్వాతగానీ నాకు తెలియలేదు. ఉంటే నేను అనుకున్నది నిజమయ్యేది. దొరికింది, కూర్చున్నారు, ఆ తర్వాతే ఏదో అయింది అని చెప్పుకుని బతికేదాన్ని.

"ఆంటీ, మనమే రాద్దామా? మేడం సంతోషపడ్తది. ఎవ్వలకు తెల్వది" అంది అమ్మాయి.

పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాను. అబద్ధం ఎందుకు, సారు సంతకం ఎట్లా ఉంటుందో గుర్తుకు కూడా తెచ్చుకున్నాను. ఒకసారి మోకాళ్ల నొప్పితో మా ఆయన ఆటోలోనే కూర్చుండిపోతే, ఆయన పేరు నేను రాయబోయాను. సారు నా చేతిలోంచి కాగితం లాక్కున్నారు. "వచ్చి చూడని మనిషి పేరు రాస్తే ఈ కాగితంకు ఇజ్జత్ ఏముంటదమ్మా?" అన్నారు. ఆ రోజంతా అలిగి నేను సారుతో మాట్లాడలేదు. ఇప్పుడు పెన్సిల్ డబ్బాలో వేసి మూత బిగించాను. అక్కడి నుంచి నేరుగా వాళ్లింటికి పోయాను.

మేడం వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నేను చెప్పులు కూడా విడవలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"దొరకలే మేడం. పేరు లేదు" అన్నాను. ఆమె తలూపారు. "ఇంకోటున్నది. నేను చూసిన సార్‌ను. చెట్టుకింద కూసున్నరు. నన్ను జూసి చెయ్యి లేపిన్రు. దొరికింది కావచ్చు, చెప్పకు అంటున్నరు అనుకున్న. మాట్లాడకుండ పోయిన."

ఆమె చేతిలోని చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది. తిడితే బాగుండుననుకున్నాను.

"ఎంత దూరంల ఉన్నవు?"

"పది అడుగులు."

"ఎప్పటికి మాట్లాడేదానివి, ఆ ఒక్కనాడే నోరు మూసుకున్నవు" అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే నేను తట్టుకోలేకపోయాను. నేను గోడ పట్టుకుని ఏడ్చాను. ఆమె లేచి రాలేదు, ఊరుకోమనీ అనలేదు. కాసేపటికి మళ్లీ అడిగారు. "నొస్తున్నట్టు కనబడ్డదా మొఖంల?"

"చూడలే మేడం. టోపీ చూసిన, చెయ్యి చూసిన. మొఖం సక్కగ చూడలే."

"ఇంక ఎవ్వలన్న చూసిన్రా?"

"నలుగురు."

ఆమె ఒడిలోని చిక్కుడుకాయలన్నీ గిన్నెలోకి వేసి, గిన్నె పక్కకు జరిపారు. "వాళ్లు ఇంకా రాలే. నువ్వొచ్చినవు, కూసో" అన్నారు. కూర్చున్నాను. అప్పుడు ఆమె నా వైపు చూడకుండా వీధిలోకి చూస్తూ, "ఎటు దిక్కు మొఖం వెట్టి కూసున్నడు?" అని అడిగారు.

నేను కళ్లు మూసుకుని ఆలోచించాను. జీవితంలో మొదటిసారి, ఎవరి సాయం లేకుండా దిక్కు చెప్పాను. "తూర్పుకు మేడం. అందరం వెతుకుతున్న దిక్కే."

"అయితే మీరంత కనబడుతుంటిరి ఆయనకు."

"కనబడుతుంటిమి మేడం. అందరం."

ఆ రోజు నుంచి నాకు కళ్లు మూస్తే అదే కనబడుతోంది. టేకు ఆకులు రాలిన ఆ చోట, ఎండలో, ఇరవై మందిమి చేతుల్లో ఫోన్లు పట్టుకుని, నడుములు వంచి, పొదలు పక్కకు తీసి, రాళ్లు ఎత్తి, ఎంతో శ్రద్ధగా నేల వెతుకుతున్నాం. మధ్యలో సారు చెట్టుకు ఆనుకుని కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు.