జెండా గణపతిరావు

చోడవరం శివారులోని గుర్రపు పందాల మైదానంలో ముప్పై ఏళ్లుగా జెండా ఊపేది గణపతిరావే. మెడలో ఈల, చంకలో ఎర్రజెండా. ఎవరెదురైనా మొహం కంటే ముందు పిక్కలు చూస్తాడు. మూడేళ్లుగా ఊరి తీర్థం జాతరకి పందెం గుర్రాలు రావడం లేదు. "నేల ఊరికే పడుంది బావా, ప్లాట్లేసీద్దాం" అన్నాడు సర్పంచ్ ఉమామహేష్. గణపతిరావుకి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే, బుచ్చయ్యపేట రోడ్డు మీద లారీల మధ్య వాకింగ్ చేసేవాళ్లను బతిమాలి మైదానంలోకి తోలుకొచ్చాడు. సున్నం గీత మీద వరసగా నిలబెట్టి, పిక్కల కేసి ఓ చూపు చూసి, ఈల వేసి జెండా దించాడు. నడవడానికొచ్చిన వాళ్లంతా ఎందుకో తెలీకుండానే పరిగెత్తారు. మోకాళ్ల నొప్పుల అచ్చియ్యమ్మ కుచ్చిళ్లు దోపుకుని అందరికంటే ముందొచ్చింది. గెలిచిన గుర్రానికి పెట్టే పాత అలవాటు కొద్దీ గణపతిరావు ఆవిడ నోటి దగ్గర బెల్లం ముక్క పెట్టాడు. "నాకు సుగరు బాబూ!" అంటూనే ఆవిడ నోరు తెరిచింది.

వారం తిరక్కుండా, ఓ పొద్దున అందరూ గీత మీద నిలబడి ఉండగా, సర్పంచ్ కొలతల టేపుతో వచ్చాడు.

"ఏటి బావా ఇది?"

"పందెం. గీత మీద ఖాళీ ఉంది, నువ్వూ నిల్సో."

సర్పంచ్ నవ్వుతూ లుంగీ ఎగ్గట్టి నిలబడ్డాడు. అందరికంటే ఆఖర్న వచ్చి, రొప్పుతూ టేపు అవతల పారేశాడు.

"ప్లాట్ల సంగతి తరవాత సూద్దారి. అచ్చియ్యమ్మ గీత దాటి నిల్సుంది బావా, నేను సూసేను. మళ్లీ ఊపు జెండా!"